రాజీనామాతో విచారణ ఆగకూడదు

అమెరికా సెనేట్ గౌరవ సభ్యులకు,

రక్షణ శాఖ పెద్దలపై ఆరోపణలు వచ్చినప్పుడు ఒక పాత తీర్పును మీరు గుర్తు చేసుకోవాలి. 1876లో యుద్ధశాఖ మంత్రి విలియం బెల్‌నాప్, ఫోర్ట్ సిల్ సైనిక స్థావరంలో దుకాణం నడిపే హక్కు విషయంలో ముడుపులు తీసుకున్నారన్నది అభియోగం. ఆ ముడుపుల భారం పెరిగిన ధరలై సామాన్య సైనికుల జీతాల మీదే పడింది.

మార్చి 2న ప్రతినిధుల సభ ఓటు వేయకముందే ఆయన రాజీనామా చేశారు. అయినా సభ ఏకగ్రీవంగా అభిశంసించింది. ఆయనను విచారించే అధికారం తమకుందని సెనేట్ 37-29 ఓట్లతో తేల్చింది. కానీ ఆగస్టు 1న ఐదు అభియోగాల్లో దేనికీ మూడింట రెండు వంతుల మద్దతు రాలేదు. వ్యతిరేకించినవారిలో ఎక్కువమంది ఆయన నిర్దోషి అనలేదు. పదవి వదిలిన మనిషిపై తమకు అధికారం లేదన్నారు. 2021లో ట్రంప్ విచారణలోనూ ఇదే వాదన మళ్లీ వినిపించింది.

ఈ సందిగ్ధాన్ని ఇకనైనా తొలగించండి. రాజీనామా చేసినా విచారణ సాగుతుందని మీ నిబంధనల్లో స్పష్టంగా రాయండి. నిందితులకు వాదించుకునే పూర్తి అవకాశం ఇవ్వండి, సాక్ష్యాలను ప్రజల ముందుంచండి. బిడ్డలను సైన్యానికి పంపిన కుటుంబాలకు నిజం తెలుసుకునే హక్కుంది.

ఇట్లు,
న్యూజెర్సీలో స్థిరపడిన ఒక తెలుగు పౌరుడు