‘ధబ్‌’మనకముందే... పది లెక్కపెట్టండి!

మొన్నామధ్య ఓ పెళ్లికి బిజినేపల్లి వెళ్లాను. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే దారిలో ఉంటుందా ఊరు. పందిట్లో పాట మంచి జోరు మీదుంది. అంతలో కరెంటు పోయింది. మరుక్షణంలో జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి. స్పీకర్లలోంచి ‘ధబ్‌’మని పెద్ద చప్పుడు! చంటిపిల్లలు కెవ్వుమన్నారు.

‘‘ఏంది పిలగా, గుండె ఆగినంత పనైంది’’ అన్నాడో పెద్దాయన.

‘‘నేనేం జేసిన తాతా? కరెంటు వోయి వచ్చింది, గంతే’’ అన్నాడు మైక్‌సెట్ కుర్రాడు. ఆ తర్వాత ఓ బాక్సు మూగబోయింది. అద్దె డబ్బులు మరమ్మతుకే పోతాయని అతని దిగులు.

ఇలాంటి చప్పుడుకు కారణాలు చాలా ఉండొచ్చు. డిజిటల్ ఆంప్లిఫయర్లలో మాత్రం ముందుగా అనుమానించాల్సింది చిప్పు నిద్రలేచే తీరునే!

ఈ చిప్పులో లెక్కలు చూసే భాగం ఒకటి, స్పీకర్‌కు బలమిచ్చే భాగం మరొకటి. మొదటిదానికి 3.3 వోల్టుల్లాంటి కొద్దిపాటి కరెంటు చాలు. రెండోదానికి చాలా ఎక్కువ కావాలి. రెండోది సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ పాటను స్పీకర్‌కు అందిస్తుంది. అందుకే రెండు కరెంట్లూ నిలకడకు వచ్చేదాకా చిప్పును ‘రీసెట్‌’లో, అంటే నిద్రలోనే ఉంచాలి. తర్వాత లేపి, కాసేపు మౌనంగా నడిపి, అప్పుడు మెల్లగా శబ్దం పెంచాలి. ఆపేటప్పుడు దీనికి తిరగేసిన వరుస. ముందు మౌనం, తర్వాత నిద్ర, చివరికి కరెంటు తీసేయడం.

2000లో అమెరికా సంస్థ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, డెన్మార్క్‌కు చెందిన టొకాటా టెక్నాలజీని కొనుక్కుని డిజిటల్ ఆంప్లిఫయర్ చిప్పులు తయారుచేసింది. ఇలాంటి చిప్పులతో వచ్చే సాంకేతిక పత్రాల్లో ఈ వరుస గురించి ప్రత్యేకంగా రాసి ఉంటుంది.

వరుస తప్పితే? పక్క మీంచి లేపిన పిల్లాణ్ని కళ్లు నులుముకోకముందే సైకిలెక్కించినట్టే! పాటకు బదులు స్పీకర్ చుట్టలోకి ఒకేవైపు కరెంటు దూసుకెళ్తుంది. కోన్ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అదే ఆ ‘ధబ్’. కరెంటు అలాగే నిలిచిపోతే చుట్ట కాలిపోతుంది.

మరి కరెంటు పోయి వెంటనే వస్తే ఎందుకు ఇబ్బంది? చౌక బోర్డుల్లో చిప్పును నిద్రలో ఉంచే పనిని ఓ చిన్న కెపాసిటర్‌కు అప్పగిస్తారు. అది పూర్తిగా ఖాళీ అయితేనే మళ్లీ పనిచేస్తుంది. క్షణంలో కరెంటు తిరిగొస్తే ఖాళీ అయ్యే తీరిక దానికెక్కడిది? చిప్పు నిద్రపోకుండానే, అయోమయంలో నడుస్తుంది.

అందుకే కరెంటు పోగానే ఆంప్లిఫయర్ స్విచ్ ఆపేయండి. జనరేటర్ నిలకడకు వచ్చాక పది లెక్కపెట్టి, వాల్యూమ్ తగ్గించి వేయండి. మామూలుగానైనా ముందు ప్లేయర్, మిక్సర్ ఆన్ చేసి ఆఖరున ఆంప్లిఫయర్ వేయాలి. ఆపేటప్పుడు మొదట ఆంప్లిఫయరే ఆపాలి. ఇంట్లో హోం థియేటర్‌కైనా ఇదే మాట.

అన్నట్టు, కొన్ని సెట్లలో స్విచ్ వేసిన రెండు మూడు సెకన్లకు ‘టిక్‌’మంటుంది. కంగారుపడకండి. అంతా కుదురుకున్నాక స్పీకర్‌ను కలిపే రిలే చప్పుడది. వేసిన ప్రతిసారీ ‘ధబ్‌’మంటేనే మెకానిక్‌కు చూపించాలి.

పెళ్లిలో ముహూర్తం కోసం గంటలు ఆగుతాం. పాట కోసం పది అంకెలు ఆగలేమా!