తడిసిన గింజలను పైన ఉంచాలి

మన దేశంలో ఒప్పందాల చట్టం 1872లో వచ్చింది. అందులోని 17వ సెక్షను మోసమంటే ఏమిటో నిర్వచించి, దాని కింద కొన్ని ఉదాహరణలు ఇస్తుంది. మొదటిది ఒక గుర్రానికి సంబంధించినది. యజమాని తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానిలో లోపమున్న సంగతి అతనికి తెలుసు. అయినా కొనేవానికి ఏమీ చెప్పడు. ఇది మోసం కాదంటుంది చట్టం. రెండవ ఉదాహరణలో గుర్రం అదే, అమ్మేవాడూ అతడే. కొనేది మాత్రం అప్పుడే యుక్తవయసుకు వచ్చిన అతని సొంత కూతురు. ఇక్కడ నోరు విప్పి చెప్పవలసిన బాధ్యత తండ్రికి ఉన్నదని అదే చట్టం అంగీకరిస్తుంది. మూడవ ఉదాహరణ కూడా ఉంది, దాని సంగతి తరువాత.

పరాయివానికి చెప్పనక్కరలేదు, కూతురికి చెప్పాలి. షరీఅత్ ఈ తేడాను ఒప్పుకోదు. లోపమున్న వస్తువును ఆ లోపం వివరించకుండా తన సోదరునికి అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. ఇబ్నె మాజా గ్రంథంలో ఈ హదీసు ఉంది. కొనేవాడు ముస్లిమేతరుడైతే మౌనం వహించవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. మదీనా బజారులో ధాన్యపు రాశి దగ్గర జరిగిన సంఘటనే ఆ ప్రశ్నకు సమాధానం. దైవప్రవక్త (స) రాశిలోనికి చెయ్యి పెట్టి చూడగా వ్రేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనం చూసేలా ఆ తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనంలో కొనేవారి మతప్రస్తావన లేదు. అక్కడ ఉన్నది "జనం" అన్న మాట మాత్రమే.

నేడు గుర్రం స్థానంలో ఏడుగురు కూర్చునే ఎస్‌యూవీ వచ్చి నిలిచింది. విశాఖపట్నంలో గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం ప్రాంతాల్లో ఉక్కు కర్మాగారాన్నో, ఓడరేవునో, నౌకాదళాన్నో నమ్ముకుని బ్రతికే కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. బదిలీపై వెళ్ళేవారు, పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరేవారు తమ వాహనాలను ఇక్కడే అమ్మి వెళతారు. వాటిని కొనేవారిలో మన కుటుంబాలూ తక్కువేమీ కావు. అందుకొక ప్రత్యేక కారణం ఉంది. కొత్త వాహనం కొనాలంటే చాలామందికి బ్యాంకు రుణం తప్పదు, రుణమంటే వడ్డీ. వడ్డీకి దూరంగా ఉండదలచిన గృహస్థు ఏళ్ళ తరబడి చిట్టచివరి రూపాయి వరకు కూడబెట్టి, ఆ సొమ్ముతో పాత బండి కొనుక్కుంటాడు. ఇల్లాలి పొదుపు, ఒక్కోసారి ఆమె గాజులు కూడా అందులో కలుస్తాయి. సంకల్పం ఉత్తమమైనదే. అయితే ఆ బండి గేరుబాక్సు మూడవ నెలలో చెడిపోతే మరమ్మతుకు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. వడ్డీ నుంచి తప్పించుకోవాలనుకున్న మనిషి వడ్డీ వ్యాపారి గుమ్మం ముందే నిలబడవలసి వస్తుంది. అమ్మినవాడు దాచిన ఒక్క మాట అతన్ని అక్కడికి నెడుతుంది.

విశాఖ బండ్లకు కొన్ని రహస్యాలు ఉంటాయి. ఉక్కు తయారయ్యే ఈ ఊరిలోనే ఉక్కుకు తుప్పు త్వరగా పడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు బండి అడుగుభాగాన్ని నెమ్మదిగా తినివేస్తుంది. స్కార్పియో, ఫార్చ్యూనర్ వంటి బండ్లలో శరీరాన్నంతా మోసే నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంటుంది. పైన మెరిసే రంగును చూసి మురిసిపోయేవారు వంగి ఆ ఛాసిస్‌ను చూడరు. రేవులో దిగుమతయ్యే బొగ్గు, ఎగుమతయ్యే ఇనుప ఖనిజం, వాటి ధూళి పాతపట్నం వాసులకు చెప్పనక్కరలేదు. ఆ ధూళి ఇంజను గాలి ఫిల్టరుకూ ఎక్కుతుంది. అరకు, పాడేరు ఘాట్ రోడ్లపై పర్యాటకులను మోసిన బండి క్లచ్, బ్రేకులు పట్నంలో తిరిగిన బండివాటికంటే ముందే అరుగుతాయి. తెల్ల నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన అది అద్దెకు తిరగలేదని చెప్పలేము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని తాకినప్పుడు ఎన్ని బండ్లపై చెట్లు కూలాయో నగరవాసులు మరిచిపోలేదు. అప్పటి బండ్లు కొన్ని ఏపీ 31 నంబరుతో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్న ఒకే సంకేతం వచ్చింది కాబట్టి, నంబరు చూసి బండి ఏ జిల్లాదో పోల్చుకునే అలవాటు ఇక పనికిరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు నీట మునిగిన బండి కూడా ఇదే సంకేతంతో ఇక్కడి బజారుకు రావచ్చు. ఆర్‌సీలో యజమాని చిరునామా, రిజిస్ట్రేషన్ జరిగిన కార్యాలయం చూడాలి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి. స్పేరు టైరు గుంటలో, సీట్ల కింది పట్టాల్లో ఒండ్రుమట్టి, తుప్పు ఉన్నాయేమో పరికించాలి. సీటు కవర్లు మార్చిన వ్యాపారి బెల్టు లోపలి చుట్టను కడగడం సాధారణంగా మరచిపోతాడు.

కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం కొత్త తెలివి అనుకుంటాము. కాదు. పాలిచ్చే ఒంటెను, మేకను అమ్మబోయేముందు కొన్నాళ్ళు పాలు పితకకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేలా చేసి అంగడికి తెచ్చేవారు ఆనాడే ఉన్నారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. అలా మోసపోయి కొన్నవానికి మూడు రోజుల వ్యవధి ఇచ్చారు: ఇష్టమైతే ఉంచుకోవచ్చు, లేదా పశువును తిరిగి ఇచ్చివేయవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు, తాను వాడుకున్న పాలకు బదులుగా ఒక సాఅ ఖర్జూరాలు కూడా ఇవ్వాలి. బుఖారీ, ముస్లింలలో ఉన్న ఈ తీర్పులోని న్యాయం గమనించదగినది. మోసం చేసినవాడే అయినా అతని పాలు ఉచితంగా త్రాగే హక్కు కొన్నవానికి లేదు. బండి వాపసు ఇచ్చేవారు తాము తిరిగిన కిలోమీటర్ల సంగతి కూడా ఆలోచించుకోవాలి.

నిండు పొదుగు లోగుట్టు తెలుసుకోవడానికి కొన్ని మార్గాలు ఉన్నాయి. టైరు ప్రక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 2016 నాటి బండి మీటరు ముప్పై వేలే చూపుతుంటే, టైర్లు అన్నీ 2019వి అయితే, అవి అంత త్వరగా ఎందుకు మారాయని అడగాలి. కంపెనీ సర్వీసు కేంద్రాలలో నమోదైన సర్వీసుల జాబితాను యజమానినే తెప్పించమనాలి, ప్రతి బిల్లుపైనా ఆనాటి కిలోమీటర్లు ఉంటాయి. బీమా పత్రంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడాలి. మొదటి ఏడాది తరువాత 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్ళు క్లెయిము లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ప్రమాదమే జరగలేదని ప్రమాణాలు చేసేవాని పత్రంలో ఆ గడి సున్నా చూపితే, కారణం అడిగి తెలుసుకోవాలి.

బిల్లు లేని సర్వీసును జరగని సర్వీసుగానే లెక్కకట్టి ధర మాట్లాడుకోవాలని నా అభిప్రాయం. టైమింగ్ బెల్టు ఉండే ఇంజనులో ఆ బెల్టు తెగితే నష్టం బెల్టుతో ఆగదు, వాల్వులు, పిస్టన్లు కూడా దెబ్బతింటాయి. మార్చామని నోటిమాటగా చెప్పితే చాలదు. మార్చే ఖర్చు ధరలో తగ్గించమనడంలో మొహమాటం అక్కరలేదు.

ఇక అసలు చిక్కు. అమ్మేవానికే చరిత్ర తెలియకపోతే? బండి మూడవ యజమానిది, మొదటి ఇద్దరు ఏం చేశారో అతనికి నిజంగానే తెలియదు. ఇలాంటివారు సాధారణంగా "ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నాను, తరువాత నాకు సంబంధం లేదు" అని వ్రాయించుకుంటారు. ఈ షరతు ఎంతవరకు చెల్లుతుందన్న విషయంలో ఫిఖ్‌హ్ పండితుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. హనఫీ పండితులు షరతును అంగీకరిస్తారు, ఇతరులు దాన్ని చాలావరకు పరిమితం చేస్తారు. తెలిసి దాచడం పాపమన్న విషయంలో మాత్రం భేదం లేదు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఒక వ్యాజ్యం ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక బానిసను ఇలాంటి షరతుతోనే 800 దిర్హములకు అమ్మారు. అతనికి చెప్పని జబ్బు ఉందని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. వ్యాజ్యం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చింది. ఆయన షరతు వ్రాయించుకున్నారా లేదా అన్నదానితో ఆగలేదు. అమ్మేనాటికి ఏ జబ్బూ తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు. ప్రమాణం చేయడానికి ఇష్టపడక ఇబ్నె ఉమర్ (రజి) అతన్ని వాపసు తీసుకున్నారు. అతడు కోలుకున్నాక 1,500 దిర్హములకు అమ్మారు.

కనుక "తెలియదు" అన్నది కూడా ఒక సమాచారమే, అది నిజమైనప్పుడు. "నేను కొన్నది 2021లో, అంతకుముందు సంగతి తెలియదు, నా చేతిలో ఉండగా రెండుసార్లు క్లచ్ మార్పించాను" అని చెప్పినవాడు తడిసిన గింజలను పైన పెట్టినట్లే. రెండుసార్లు మార్పించిన విషయం మింగి "పాత చరిత్ర తెలియదండీ" అన్నంత మాత్రాన నిజం చెప్పినట్లు కాదు. సగం నిజం చెప్పి మిగతా సగాన్ని దాచే ఈ పద్ధతే మన బజార్లలో ఎక్కువ. ఇరువురూ నిజం చెప్పి, ఉన్నది వివరిస్తే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది.

అమ్మేవాడు, కొనేవాడు కాక మూడవ మనిషి కూడా ఉంటాడు. ఆటోనగర్‌లోని షెడ్డు మేస్త్రీకి ఆ బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు, తానే దాని ఇంజను విప్పి ఉంటాడు. కొనేవాడు "చూసి చెప్పు భాయ్" అని తీసుకువెళ్ళేదీ అతని దగ్గరికే. అమ్మేవాడు అతనికి ముందే కమీషను ముట్టజెప్పి ఉండవచ్చు. ముస్నదె అహ్మద్‌లో వచ్చిన ఒక సంఘటన అచ్చం ఇలాంటిదే. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఇంటివద్ద ఒక వ్యక్తి ఒంటెను కొనుక్కుని బయలుదేరాడు. వాసిలా (రజి) గబగబా అతని వెంటపడి, దానిలోని లోపం చెప్పారా అని అడిగారు. బలంగా, ఆరోగ్యంగా కనిపిస్తున్నదే అన్నాడతడు. మాంసం కోసమా, ప్రయాణం కోసమా అని ఆయన అడిగారు. హజ్ యాత్ర కోసమని తెలియగానే, దాని పాదంలో లోపమున్నదని చెప్పి వాపసు చేయమన్నారు. నా బేరం చెడగొడుతున్నారేమని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. లోపం చెప్పకుండా అమ్మడం ఎలా ధర్మసమ్మతం కాదో, తెలిసినవాడు చెప్పకపోవడమూ అలాగే ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) నోట విన్నానని వాసిలా (రజి) బదులిచ్చారు. కాబట్టి మెకానిక్కును ఎంచుకునేటప్పుడు అమ్మేవానికి పరిచయం లేని షెడ్డుకు వెళ్ళడం మంచిది. వెళ్ళాక ఆయన అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. పట్నంలో పిల్లలను బడికి దింపడానికా, ప్రతి నెలా ఘాట్ ఎక్కడానికా? ఒకదానికి పనికివచ్చే బండి రెండవదానికి పనికిరాకపోవచ్చు.

ఇప్పుడు ఒప్పందాల చట్టంలోని మూడవ ఉదాహరణ. కొనేవాడు, "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నదనే భావిస్తాను" అన్న అర్థంలో మాట్లాడతాడు. అమ్మేవాడు మౌనంగా ఉంటాడు. ఇక్కడ మౌనం మాటతో సమానమంటుంది చట్టం. మొదటి ఉదాహరణలో చెల్లిన మౌనం ఈ ఒక్క ప్రశ్నతో చెల్లకుండా పోయింది. మర్యాదకు వెరచి మనవారు వదిలేసేది ఈ ప్రశ్ననే. "మన జమాఅత్ మనిషే కదా, మామూ కొడుకే కదా" అని సంకోచిస్తారు. ఇంజను ఎప్పుడైనా విప్పారా, నీట మునిగిందా, ఛాసిస్‌కు వెల్డింగు జరిగిందా, మీటరు మార్చారా అని వాట్సాప్‌లోనైనా వ్రాసి పంపి, జవాబు తీసుకోవాలి. నిజాయితీపరుడైన అమ్మకందారుకు ఇందులో అవమానమేమీ లేదు. బేరాలలో తరచూ మోసపోయే ఒక సహాబీకి, మోసం ఉండకూడదని కొనేటప్పుడే స్పష్టంగా చెప్పమని దైవప్రవక్త (స) స్వయంగా నేర్పారు. అలాగే మూడు రోజులలోగా వాపసు చేసే షరతు పెట్టుకోవడానికి ఫిఖ్‌హ్‌లో అవకాశం ఉంది. దానిని కాగితం మీద వ్రాసుకుని ఇరువురూ సంతకాలు చేస్తే సరి.

చివరిగా అమ్మేవారికి ఒక మాట. బండి ఇచ్చివేసి డబ్బు తీసుకుని, పేరు మార్పు కొన్నవాని ఇష్టానికి వదిలేసేవారు ఎందరో. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తీర్పు ఇస్తూ, బండి చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారినే ప్రమాద నష్టపరిహారానికి యజమానిగా పరిగణించింది. మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. బీమా మార్పుకు కొన్నవారికి ఉన్న గడువు 14 రోజులు. పాత రుణం ఆర్‌సీలో నమోదై ఉంటే, బ్యాంకు నిరభ్యంతర పత్రంతో దానిని ముందే తీయించాలి. ఫారం 29, 30లపై తేదీ లేకుండా సంతకాలు చేసి ఇవ్వకండి. ఆన్‌లైన్‌లో కొత్త యజమాని పేరు కనిపించేదాకా రెండవ తాళంచెవిని మీ దగ్గరే ఉంచుకుంటామని ముందే మాట్లాడుకోండి.