బల్లపై ఖాళీ చోటు

గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో సంక్రాంతి దాటినంతనే మిరపకోతలు ముమ్మరమగును. ప్రత్తితీతలు అప్పటికి ముగింపునకు వచ్చును. కల్లములలో ఎఱ్ఱని కాయ రాశులు పడును. బస్తాల లారీలు గుంటూరు మిర్చి యార్డుకు దారి పట్టును. ఆ దినములలోనే తరగతి గదులలో కొన్ని చోట్లు ఖాళీ యగును. దానిని గమనించువారు తక్కువ.

పండిన కాయను వేళకు కోయనిచో రంగు చెడును, ధర పడిపోవును. ఒక యూరి కూలీలు ఆ పనికి చాలరు. కావున కర్నూలు పడమటి పల్లెలనుండి కుటుంబములు మూటలతో వచ్చి, చేలగట్లపై గుడారములు వేసికొని నెలల తరబడి ఉందురు. ఇంటికడ చూచుకొను పెద్దలు లేని బిడ్డలును వారితో వత్తురు. పెద్దపిల్ల చంటిబిడ్డను ఎత్తుకొని గట్టున కూర్చుండును. లేదా తానును కాయ కోయును. వారి బల్లలు వారి యూళ్ళలో ఖాళీ యగును. మన యూళ్ళ పేదబిడ్డలును కొందఱు కోతలకు పోవుటచే మన బల్లలును ఖాళీ యగును. తిరిగి వచ్చునప్పటికి పరీక్షలు ముంగిట నిలిచియుండును.

పాఠశాలలలో సేవ యనగానే మనకు తోచునది పండుగనాడు ఆసుపత్రికి పోయి రోగులకు పండ్లు పంచుట, విరాళముల డబ్బా త్రిప్పుట. వీనిని నేను తేలికపఱచను. ఆకొన్నవానికి పండు పండే. కాని ఆ పండు కొన్నది తండ్రి సొమ్ము. బిడ్డ ఇచ్చినది ఒక్క నిమిషము. ఒక అరటిపండును ఆఱుగురు పట్టుకొని ఛాయాచిత్రమునకు నిలువగా నేను చూచితిని. రోగి మాత్రము ఆ చిత్రములో సగమే పడెను. ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద అను తలంపు ఇట్టి దానమువలన లేతమనసులలో నాటుకొనునేమో యని నా భయము.

ఈ నేలకు వేఱొక సంప్రదాయము కలదు. 1921లో, నాడు గుంటూరు జిల్లాలోను నేడు బాపట్ల జిల్లాలోను ఉన్న చీరాలలో, ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును ఒల్లక ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలలో నెలల తరబడి కాపురముండిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు స్వచ్ఛంద సేవకులు అప్పుడు వారికి అండగా నిలిచిరి. దానిని దానమని ఎవరందురు? అది తోడుండుట.

ఎనిమిదవ తరగతి బిడ్డకు అట్టి తోడు తన బల్లమీదనే చేయవచ్చును. కోతలనుండి వచ్చిన తోటివానికి తన వ్రాతపుస్తకము ఇచ్చి, సాయంకాలము అరగంట ప్రక్కన కూర్చుండి, జరిగిపోయిన లెక్కలు చెప్పవచ్చును. పొరుగు జిల్లానుండి వచ్చిన పిల్లవాని యాసను వెక్కిరింపకుండుటయు సేవయే. 2009 నాటి చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు చదువును హక్కుగా ఒసగినది. కాని చట్టము వచ్చి ప్రక్కన కూర్చుండి భిన్నములు నేర్పదు గదా! ఇక కూలిని, వలసను చక్కబఱచుట పెద్దల పని, ప్రభుత్వముల పని. ఆ భారమును బాలురపై మోపరాదు.

"మా వాని చదువు వెనుకబడదా?" యని తల్లిదండ్రులు కొందఱడుగుదురు. చెప్పినకొలది చదువు గట్టిపడునని జవాబీయవచ్చును. నాకది రుచింపదు. లాభము చూపి దయను నేర్పుట బేరము. ఒకటి రెండు మార్కులు తగ్గినచో తగ్గనిండు.

నా బాల్యమున నా ప్రక్కన కూర్చుండువాడు సంక్రాంతి సెలవుల తరువాత కానరాడయ్యెను. మార్చిలో తిరిగి వచ్చినప్పుడు అతని వ్రేళ్ళు కాయఘాటునకు మండి, తోలు రేగియుండెను. కలము సరిగా పట్టలేకపోయెను. నా వ్రాతపుస్తకము నా సంచిలోనే యుండెను. అతడు అడుగలేదు; నేను ఈయలేదు. మఱుసటి యేడు అతడు బడికి రాలేదు.