తీరిక వేళ పనికి కూలి ఉన్నదా?

దసరా దగ్గరపడుతున్నదంటే మన బెంగుళూరు తెలుగు ఇళ్ళలో రెండు రకాల హడావిడి మొదలవుతుంది. ఒకటి అటక మీది కొలువు బొమ్మలు దించి దుమ్ము దులపడం. ఇది తాతల నాటిది. రెండవది ఈమధ్య వచ్చినది. చేతిపని తెలిసినవారు రాత్రి భోజనాలు కాగానే సూదీ దారమూ, పూసలూ, రంగులూ ముందు వేసుకొని కూర్చుంటున్నారు. ఫ్లాటు సముదాయాలలో, బడి ఆవరణలలో, కల్యాణ మంటపాలలో, సంఘం హాలులలో జరిగే ప్రదర్శనలలో ఒక బల్ల అద్దెకు తీసుకొని ఆ వస్తువులు అమ్ముకోవాలని వారి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతవని మనవారు ఊరకే అన్నారా?

అయితే ఒక సోదరి మమ్మల్ని ఇట్లా అడిగినారు: "రెండు రోజులు స్టాలు పెట్టినాము. సరుకంతా అమ్ముడుపోయింది. సంచీ నిండా డబ్బు వచ్చింది. నెలాఖరుకు చూస్తే ఏమీ మిగల్లేదు. ఎక్కడికి పోయిందండీ?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు కొంచెం హక్కు ఉన్నది. మేము పగలు ఆఫీసులో లెక్కలు వ్రాసేవాళ్ళము. సాయంత్రాలు మా ఇంట గుడ్డతో మామిడాకుల తోరణాలు కుట్టి అమ్మే పని కొన్నేళ్ళుగా నడుస్తున్నది. కుట్టేది ఇంటావిడ; ఆకులు కత్తిరించడం, పద్దు వ్రాయడం, బల్ల మోయడం మా వంతు. అందుచేత ఆ సోదరి డబ్బు ఎక్కడికి పోయిందో కాగితం మీద పెట్టి చూపిస్తాము.

ఒక తోరణానికి గుడ్డ, లోపలి బక్రం, దారం, పూసలు, పైన వేసే సంచీ కలిపి 110 రూపాయల సరుకు పడుతుందనుకొందాము. రెండు రోజుల ప్రదర్శనకు స్టాలు అద్దె 3,000. రానూ పోనూ ఆటో 800. తిండికీ కాఫీకీ 400. అదనపు దీపం, పరదా గుడ్డ, చిల్లర ఖర్చులు 300. మొత్తం 4,500. పట్టుకుపోయినవి 30 తోరణాలు. ఒక్కొక్కటి 250కి పెట్టినాము. అన్నీ పోయినవి. చేతికి వచ్చినది 7,500. ఎంత ఆనందం!

ఇప్పుడు తీసివేయండి. సరుకు 3,300, స్టాలు ఖర్చు 4,500, వెరసి 7,800. అంటే 300 రూపాయలు చేతినుండే పడినవి. తోరణానికి రెండు గంటల చొప్పున 60 గంటల కుట్టుపని ఈ లెక్కలోకి రానేలేదు. అది ఊరకే పోయింది. సంచీ నిండా డబ్బు కనబడుతున్నది గనుక నష్టం కనబడలేదు. సరుకు నెల ముందే వేరే డబ్బుతో కొన్నాము, స్టాలు అద్దె అంతకు ముందే కట్టినాము. అమ్మిన నాడు వచ్చినదంతా లాభంగా తోస్తుంది.

మరి ధర ఎంత ఉండాలి? గంటకు 70 రూపాయల కూలి వేసుకొందాము. ఎనిమిది గంటల రోజుకు 560. ఈ ఊళ్ళో ఇది పెద్ద కూలి ఏమీ కాదు. ఆ లెక్కన తోరణానికి కూలి 140, సరుకు 110, స్టాలు ఖర్చులో దాని వంతు 150. కలిపితే 400. ఇది అసలు. లాభం ఇంకా ఇందులో లేదు. 450కి అమ్మితే 30 తోరణాల మీద 1,500 లాభం మిగులుతుంది. అది కూడా ఖర్చు పెట్టుకొనేందుకు కాదు. వాన పడి జనం రాని ఆదివారానికీ, రంగు వెలిసిపోయిన ముక్కకూ, అమ్ముడుపోని సరుకుకూ పక్కన పెట్టవలసిన సొమ్ము.

ఇక్కడే చాలా ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. "తీరిక వేళ చేసే పనికి కూలేమిటండీ? ఊరకే టీవీ ముందు కూర్చొనే బదులు చేస్తున్నది గదా!" ఈ మాట అనేది ఎక్కువగా మగవారు. తీరిక ఎక్కడిది? వంట ముగించి, పిల్లల చదువు చూసి, అత్తగారికి మందు ఇచ్చి, పదింటికి కూర్చుంటే పన్నెండు దాకా కళ్ళు మంటలెక్కేటట్లు కుట్టిన పని అది. ఆఫీసులో మేము రెండు గంటలు ఎక్కువ కూర్చుంటే దానికి భత్యం అడుగుతాము. ఇంటావిడ కూర్చున్న రెండు గంటలకు మాత్రం సున్న వేస్తాము. ఇది లెక్క తప్పడమే కాదు, న్యాయం తప్పడం కూడా. ప్రదర్శన అయిన మరునాడు ఆ 4,200 కూలి విడిగా తీసి ఆమె పేరిట బ్యాంకులో వేయండి. అప్పుడు గాని ఈ వ్యాపారం నిలబడుతున్నదో లేదో తెలియదు.

కూలి వేసుకోకపోతే నష్టపడేది మన ఇల్లొక్కటే కాదు. ఒక ప్రదర్శనలో మా పక్క బల్ల చన్నపట్నం నుండి వచ్చిన లక్కబొమ్మల పనివానిది. మన ఏటికొప్పాకలో అంకుడు అంటామే, ఆ చెట్టునే కన్నడం వారు హాలె అంటారు. రెండు ఊళ్ళవారూ ఆ కర్రనే తరిణె పట్టి, తిరుగుతూ ఉండగానే లక్క రంగు అద్దుతారు. అతడు తాళంచేతుల గుత్తికి తగిలించే చిన్న బొమ్మలు 80కి పెట్టినాడు. ఎదురు వరుసలో ఒక ఉద్యోగస్థుల కుటుంబం అటువంటివే రంగులు వేసి 40కి అమ్ముతున్నారు. కొనేవారు అటు చూసి, ఇటు వచ్చి, "అక్కడ నలభైయే గదా" అని వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నానికి అతడు మాతో అన్నాడు: "అవరిగె సంబళ ఇదె సార్. నమగె ఇదే సంబళ." వారికి జీతం ఉన్నది, మాకు ఇదే జీతం, అని. అతని గొంతులో కోపం లేదు. అందువల్లనే ఆ మాట మాకు ఇంకా వినిపిస్తూ ఉంటుంది. మనం సరదాకు తగ్గించే పది రూపాయలు, ఆ పని మీదనే పిల్లలను చదివించేవాని అన్నంలోనుండి తగ్గుతవి.

సరే, ధర నిర్ణయించినాము. అడగడం ఇంకా కష్టం. అడగందే అమ్మైనా పెట్టదు గదా. "స్వల్ప కడిమె మాడి" అని కన్నడంలో అడిగినా, "కొంచెం చూసి వేయండి" అని తెలుగులో అడిగినా, జవాబు నవ్వుతూ ఒక్కటే ఉండాలి. ధర చీటీ ప్రతి వస్తువుకూ కట్టండి. వ్రాసి ఉన్న ధరతో బేరం సగం తగ్గుతుంది. తగ్గించక తప్పదనిపిస్తే ధర తగ్గించవద్దు, రెండు కొన్నవారికి ఒక చిన్న వస్తువు చేర్చి ఇవ్వండి.

బేరంకన్నా గడ్డు సమస్య బంధువులు. "మన వాళ్ళ దగ్గర కూడా లాభం తీసుకుంటావా వదినా?" అనేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. మా ఇంటి పద్ధతి ఇది: ఇవ్వదలచినవారికి పండుగనాడు కానుకగా ఉచితంగా ఇస్తాము, పద్దులో కానుక అనే వ్రాస్తాము. బల్ల మీద ఉన్న సరుకు మాత్రం అందరికీ ఒకటే ధర. పాత దుకాణాలలో "నేడు నగదు, రేపు అరువు" అని పలక ఉండేది. అది తీసివేయవలసిన కాలం ఇంకా రాలేదు.

లాభం పెంచడానికి ధర ఒక్కటే దారి కాదు, ఖర్చు తగ్గించే దారీ ఉన్నది. రెండు కుటుంబాలు ఒక స్టాలు పంచుకొంటే ఆ 4,500 సగమై, తోరణానికి 150 బదులు 75 పడుతుంది. అసలు 325కి దిగుతుంది. అప్పుడు 400కి అమ్మినా 75 మిగులుతుంది. ఒకరు కాఫీకి వెళితే ఒకరు ఉంటారు. అయితే ఇద్దరూ ఒకే రకం వస్తువు తేకూడదు. తోరణాల పక్కన దీపాలు ఉంటే రెండూ పోతవి. తోరణాల పక్కన తోరణాలు ఉంటే స్నేహం పోతుంది.

ఏ ప్రదర్శనకు వెళ్ళాలో కూడా ఆలోచించాలి. డబ్బు కట్టకముందు ఒక ఏడు ఉత్త చూపరులుగా వెళ్ళి రండి. వచ్చేవారి చేతుల్లో సంచులు ఉన్నవా, ఊరకే తిరిగి తినుబండారాల దగ్గర నిలబడుతున్నారా చూడండి. బల్ల, కుర్చీ, దీపం వారిస్తారా, ఎండ ఏ వేళకు ఎటు పడుతుంది, ద్వారానికి ఎంత దూరం, అడిగి తెలుసుకోండి. 1994లో తెరచిన ఢిల్లీ హాట్ వంటి చోట్లు చేతివృత్తుల వారికోసం ఏర్పడినవి. అక్కడ స్టాళ్ళు వంతులవారీగా ఇస్తారు. కర్ణాటక చిత్రకళా పరిషత్తువారు జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మీద జరిపే చిత్రసంతె బొమ్మలు వేసేవారిది. మన తోరణాలకూ సంచులకూ తగినవి పండుగకు మూడు నాలుగు వారాల ముందు జరిగే చిన్న ప్రదర్శనలే. పండుగ ముందురోజుకు అందరి గుమ్మాలకూ తోరణం కట్టే ఉంటుంది.

సరుకు మూడు మెట్లుగా ఉండాలి. 50 నుండి 100 లోపువి కొన్ని. ఇవి జనాన్ని నిలబెడతవి. 300 నుండి 500 లోపువి ఎక్కువ. ఇల్లు నడిపేది ఇవే. పెద్ద పని ఒకటి రెండు. అవి అమ్ముడుపోకపోయినా చేతి పనితనం చూపిస్తవి. వస్తువులను బల్ల మీద పరచకుండా కంటి ఎత్తున వేలాడదీయండి. మీ గుమ్మం ఎన్ని అడుగులు అని అడిగి, కొలతకు కుట్టి ఇస్తామంటే ఆర్డర్లు వస్తవి. సగం సొమ్ము ముందు తీసుకొని, పేరూ తేదీ పుస్తకంలో వ్రాసుకోండి. ఫోనుతో డబ్బు పంపేవారే ఇప్పుడు ఎక్కువ; అయినా సిగ్నలు అందని హాలులు ఉన్నవి, చిల్లర ఉంచుకోండి.

ఉద్యోగస్థులకు ఒక ముఖ్యమైన సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం ప్రకారం అనుమతి లేనిదే వ్యాపారం చేయరాదు; కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తుంటే తెలియజేయాలి. ఇతరులు తమ ఆఫీసు నియమాలు చూసుకోవాలి. ఒక కాగితం ముందుగా వ్రాసి ఇస్తే రాత్రి నిద్ర పడుతుంది. కర్ణాటకలో, రాష్ట్రం లోపలనే సరుకు అమ్మేవారికి 2019 ఏప్రిల్ నుండి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. పొరుగు రాష్ట్రానికి సరుకు తీసుకుపోయేవారికి నియమాలు వేరు, ఆడిటరును అడిగి బయలుదేరండి.

చివరగా ఆ సోదరికి మా మనవి. మీ డబ్బు ఎక్కడికీ పోలేదమ్మా, మీ ధర చీటీలోకి అది రానేలేదు. ఈ దసరాకు రెండణాల నోటుపుస్తకం వంటిది ఒకటి కొనుక్కోండి. సరుకు, స్టాలు, కూలి అని మూడు గళ్ళు గీయండి. మూడవ గడిని ఖాళీగా వదలకండి.