ఊరి బడి ఎవరిది?

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగువాళ్ళం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ స్కూలు రేటింగు పదికి ఎంత? జవాబు ఎనిమిదికి తగ్గితే ఆ వీధి వైపు కారు కూడా తిప్పం. పిల్లల చదువు కోసమే కదా ఇంత దూరం వచ్చాం అనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ బడిని ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అందులో మన మాటకు చోటుందా అని మాత్రం చాలామందిమి అడగం. ఇల్లు కొన్నాం కనుక బడి కూడా దానితోపాటే వచ్చేసిందని అనుకుంటాం.

మన తెలుగు బడికి వచ్చే కుటుంబాలన్నీ నగరంలో ఉండేవి కావు. కెంటకీ తూర్పు కొండల్లోని చిన్న ఊళ్ళలో ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్ల పిల్లలు కూడా గంటా గంటన్నర ప్రయాణం చేసి మన తరగతులకు వస్తున్నారు. వాళ్ళు కనబడగానే మిగతావాళ్ళం, "అక్కడ స్కూళ్ళు ఎలా ఉంటాయండీ?" అని అడుగుతాం. ఆ ప్రశ్నలో సగం జాలి ఉంటుంది. చిన్న పల్లెటూరి స్కూలు డిస్ట్రిక్టు ఎలా నడుస్తుందో తెలుసుకుంటే ఆ జాలి అవసరం లేదనీ, పైగా నగరంలో ఉన్న మనమే అక్కడినుంచి నేర్చుకోవలసింది ఉందనీ మా అభిప్రాయం.

డిస్ట్రిక్టు అనగానే మనకు గుంటూరు, కరీంనగర్ వంటి జిల్లాలు గుర్తుకొస్తాయి. మన ఊళ్ళలో జిల్లా పరిషత్ హైస్కూలుకు పంతుళ్ళను డీఎస్సీ ద్వారా ప్రభుత్వం నియమిస్తుంది. జీతాలు ప్రభుత్వ ఖజానా నుంచి వస్తాయి. ఇక్కడి స్కూలు డిస్ట్రిక్టు అటువంటిది కాదు. అది బడులు నడపడానికే ఏర్పడిన ఒక చిన్న ప్రభుత్వం. దానికి సొంత బడ్జెటు ఉంటుంది, ఇంటి పన్ను వేసే అధికారం ఉంటుంది, ప్రజలు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. కెంటకీలో ఇటువంటివి 170 దాకా ఉన్నాయి. 120 కౌంటీలకు ఒక్కొక్కటి ఉంది, అవి కాక కొన్ని పట్టణాలకు విడిగా ఇండిపెండెంట్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. లూయీవిల్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో 90 వేలకు పైగా పిల్లలు చదువుతుంటే, కొండల్లోని కొన్ని డిస్ట్రిక్టుల్లో వెయ్యి మంది కూడా ఉండరు.

బోర్డులో సాధారణంగా ఐదుగురు సభ్యులు, నాలుగేళ్ళ పదవి. పార్టీ గుర్తులు ఉండవు, నెల జీతం ఉండదు, సమావేశానికి కొద్దిపాటి భత్యం మాత్రం ఇస్తారు. రైతో, బ్యాంకు ఉద్యోగో, రిటైరైన టీచరో ఆ కుర్చీలో కూర్చుంటారు. వాళ్ళు సూపరింటెండెంటును నియమిస్తారు. పెద్ద డిస్ట్రిక్టులో బస్సులకు ఒక విభాగం, భోజనాలకు ఒక విభాగం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఒక విభాగం ఉంటాయి. చిన్న డిస్ట్రిక్టులో ఒకే మనిషి మూడు నాలుగు బాధ్యతలు మోస్తాడు. నింపవలసిన ప్రభుత్వ ఫారాలు మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే. చాలా కౌంటీల్లో అందరికన్నా ఎక్కువమందికి ఉద్యోగం ఇచ్చేది కూడా స్కూలు డిస్ట్రిక్టే. కనుక అక్కడ బోర్డు తీసుకునే ప్రతి నిర్ణయం ఊళ్ళో ఏదో ఒక ఇంటిని తాకుతుంది.

ఇక డబ్బు సంగతి. ఒక చిన్న లెక్క చూద్దాం. పిల్లలూ, మీరు కూడా కాగితం తీసుకుని వేయండి. కెంటకీలో ప్రతి డిస్ట్రిక్టూ 100 డాలర్ల ఆస్తికి కనీసం 30 సెంట్లు బడికోసం సమకూర్చాలి. ఒక డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి సగటున పది లక్షల డాలర్ల ఆస్తి ఉందనుకుందాం. అక్కడ తలకు 3,000 డాలర్లు వస్తాయి. మరొక చోట రెండు లక్షలే ఉంటే 600 డాలర్లే వస్తాయి. రాష్ట్రం ఒక మూల మొత్తాన్ని నిర్ణయించి తగ్గినది తను నింపుతుంది. 2024-25లో ఆ మొత్తం 4,326 డాలర్లు. అంటే మొదటి డిస్ట్రిక్టుకు రాష్ట్రం ఇచ్చేది 1,326, రెండోదానికి 3,726. పేద పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, బస్సులకు అదనంగా ఇస్తారు. దాని పైన ఊరివాళ్ళు ఇంకా పన్ను వేసుకోవచ్చు. ఆస్తి ఉన్న ఊరికి అది సులువు, బొగ్గు గనులు మూతపడిన కౌంటీకి కష్టం. తేడా అక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతి కూడా ఊరికే రాలేదు. 1985లో 66 డిస్ట్రిక్టులు, ఎక్కువగా పేద పల్లెప్రాంతాలవి, ఒక సంఘంగా ఏర్పడి సొంత రాష్ట్ర ప్రభుత్వం మీదనే కోర్టుకు వెళ్ళాయి. కొండ ప్రాంతంలో పుట్టి గవర్నరు పదవి కూడా చేసిన బర్ట్ కూంబ్స్ వాళ్ళ తరఫున వాదించారు. 1989 జూన్‌లో కెంటకీ సుప్రీంకోర్టు రోజ్ వర్సెస్ కౌన్సిల్ ఫర్ బెటర్ ఎడ్యుకేషన్ అనే ఆ కేసులో తీర్పు చెప్పింది. రాష్ట్రంలోని పాఠశాలల వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ధనిక ఊరైనా పేద ఊరైనా బిడ్డకు అందవలసిన చదువు ఒకటేనని చెప్పి, ప్రతి బిడ్డకూ కలగవలసిన ఏడు సామర్థ్యాలను లెక్కపెట్టింది. అందులో ఐదోది మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. తన సాంస్కృతిక, చారిత్రక వారసత్వాన్ని గుర్తించి గౌరవించగలిగేంతగా ప్రతి విద్యార్థికీ కళలతో పరిచయం ఉండాలని ఆ తీర్పు అంటుంది. వారాంతంలో మనం తెలుగు పద్యాలు, కూచిపూడి నేర్పించే పని ఈ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం చదువులో భాగమని చెప్పిన పనే. ఆ మాట కోర్టు నోట పలికించినది పల్లెటూరి బడులు!

మరుసటి ఏడాది, 1990లో, కొత్త విద్యా చట్టం వచ్చింది. నిధుల పద్ధతి మారింది. చిన్న ఊళ్ళలో బంధుప్రీతి పెద్ద జబ్బు కనుక ఉద్యోగులను నియమించే అధికారం బోర్డు చేతిలోంచి తీసి సూపరింటెండెంటుకు, ప్రిన్సిపాళ్ళకు ఇచ్చారు. పేద కుటుంబాల పిల్లలకు బట్టలు, కళ్ళజోళ్ళు వంటి అవసరాలు చూసే కేంద్రాలు బడుల్లో వెలిశాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో, అట్టడుగున ఉంటుందని పేరుపడ్డ రాష్ట్రం నాలుగో తరగతి రీడింగులో జాతీయ సగటును దాటింది. కానీ 2008 తర్వాత ఆ మూల మొత్తం ధరలతో సమానంగా పెరగలేదు. ఊరికీ ఊరికీ మధ్య దూరం మళ్ళీ పెరిగింది.

మరి ఈ బడులు ఎలా చదివిస్తున్నాయి? దాచవలసిన పని లేదు, ఇబ్బందులు చాలా ఉన్నాయి. ఫిజిక్స్ టీచరు దొరకడు. ఆరుగురు పిల్లల కోసం కాలిక్యులస్ తరగతి పెట్టలేరు. బస్సు ప్రయాణాలు పొడుగు. వాటికి వాళ్ళు వెతుక్కున్న దారులు కూడా చూడాలి. హైస్కూలు పిల్లలు దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చేరి రెండు చోట్లా లెక్కకు వచ్చే కోర్సులు చేస్తారు. హజార్డ్ పట్టణం కేంద్రంగా కొండ ప్రాంతపు డిస్ట్రిక్టులు ఒక సహకార సంఘంగా ఏర్పడి టీచర్ల శిక్షణ వంటివి కలిసి చేసుకుంటాయి. మంచు పడి బడి మూతపడ్డ రోజుల్లో ఇంటినుంచే పాఠం చెప్పే ఏర్పాటు 2011లోనే మొదలైంది. కోవిడ్‌కు తొమ్మిదేళ్ళ ముందు సంగతి ఇది. రేటింగు అంకెలో ఇవేవీ కనబడవు. పైగా తరగతిలో ఇరవై మందే ఉంటే ఇద్దరు పిల్లలు తప్పితే చాలు, ఫలితం పది శాతం పడిపోతుంది. మరుసటి ఏడు ఇద్దరు బాగా చదివితే అంతా లేస్తుంది. అటువంటి అంకెను చూసి ఒక ఊరి బడిని తీసిపారేయడం న్యాయం కాదు.

చిన్న డిస్ట్రిక్టులన్నిటినీ కలిపేస్తే ఖర్చు తగ్గదా అని కొందరు అడుగుతారు. 1940 ప్రాంతంలో ఈ దేశంలో లక్షా పదిహేడు వేల డిస్ట్రిక్టులు ఉండేవి, ఇప్పుడు సుమారు 13 వేలు. కలపడం ఎన్నోచోట్ల జరిగింది, కొన్నిచోట్ల అవసరం కూడా. కానీ బడి మూతపడ్డ ఊళ్ళో శుక్రవారం ఆట ఉండదు, వరద వస్తే తలదాచుకునే చోటు ఉండదు. అందుకే ఆ నిర్ణయం అక్కడివాళ్ళు కూర్చుని తీసుకోవాలి, దూరాన ఉన్న లెక్కల గుమాస్తా కాదు.

అక్కడివాళ్ళు తమ బడిని ఎంత తమదనుకుంటారో 2024 నవంబరులో తేలిపోయింది. ప్రజాధనాన్ని ప్రభుత్వ బడులకు వెలుపలి చదువుకు ఇచ్చేందుకు శాసనసభకు వీలు కల్పించే రాజ్యాంగ సవరణ ఆ రోజు ఓటుకు వచ్చింది. దాదాపు 65 శాతం మంది వద్దన్నారు. 120 కౌంటీల్లో ఒక్కటి కూడా ఔననలేదు. సవరణ మంచిచెడులపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ బడి విషయం వచ్చేసరికి రాజకీయాలు పక్కనపెట్టి అన్ని కౌంటీలూ ఒకే మాట చెప్పడం చిన్న సంగతి కాదు.

మనం మాత్రం ఇంకా చూసేవాళ్ళ వరుసలోనే ఉన్నాం. పన్ను కడతాం, రేటింగు చూస్తాం, నచ్చకపోతే ఇల్లు మారతాం. చిన్న ఊరినుంచి ఒక డాక్టరు కుటుంబం బడి కోసం వెళ్ళిపోతే ఆ ఊరి ఆసుపత్రి కూడా నష్టపోతుంది. వెళ్ళేముందు ఒకసారి బోర్డు సమావేశానికి వెళ్ళి చూడండి. అది అందరికీ తెరిచిన తలుపు. ఏ కోర్సు లేదో, ఎందుకు లేదో అక్కడ నేరుగా అడగవచ్చు. చిన్న డిస్ట్రిక్టులో జవాబు చెప్పే మనిషి మీ ఎదురుగానే ఉంటాడు. ఆ సౌకర్యం పెద్ద నగరంలో దొరకదు.

పౌరసత్వం వచ్చినవారు బోర్డు ఎన్నికలో తప్పక ఓటు వేయాలి. అధ్యక్షుడి పేరు దగ్గర ఆగిపోకుండా కాగితం చివరిదాకా చదవాలి. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు నిరాశపడనక్కరలేదు. 1990 చట్టం ప్రకారం చాలా బడుల్లో ఒక కౌన్సిల్ ఉంటుంది. అందులో ప్రిన్సిపాలు, ముగ్గురు టీచర్లు, ఇద్దరు తల్లిదండ్రులు ఉంటారు. ఆ ఇద్దరినీ ఎన్నుకునేది తోటి తల్లిదండ్రులే. ఏటా ఆ ఎన్నిక జరుగుతుంది, ఏటా మనం పట్టించుకోం.

మరొక చిన్న మాట. రాష్ట్రం ఇచ్చే మొత్తం చేరిన పిల్లల సంఖ్యను బట్టి కాక, రోజువారీ సగటు హాజరును బట్టి వస్తుంది. టికెట్టు కాస్త తగ్గిందని పిల్లల్ని బడి మాన్పించి మూడు వారాలు ముందే ఇండియా తీసుకుపోతే బడికి ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. వెయ్యి మంది లేని డిస్ట్రిక్టుకు అది బాగా తెలుస్తుంది. చదువుకు పనికివచ్చే ప్రయాణమైతే 10 రోజుల వరకు ప్రిన్సిపాలును ముందే అనుమతి అడిగే వీలు చట్టంలో ఉంది. అనుమతి దొరికితే ఆ రోజులు హాజరు కిందే లెక్క. అడిగి వెళ్ళడం మర్యాద కూడా.

మన తెలుగు బడిని మనమే తలా ఒక చెయ్యి వేసి నడుపుకుంటున్నాం. గది అద్దె దగ్గరనుంచి వార్షికోత్సవం భోజనాల దాకా ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటేనే జరుగుతోంది. వారానికి రెండు గంటల బడికే ఇంత చేయగలిగినవాళ్ళం, వారానికి ఐదు రోజులు మన పిల్లల్ని చూసుకునే బడికి ఏడాదికి నాలుగు సాయంత్రాలు ఇవ్వలేమా? వచ్చే వార్షిక సంచిక నాటికి మనలో కనీసం ఇద్దరు ముగ్గురు స్కూలు కౌన్సిళ్ళలో ఉండాలని, ఒక్కరైనా బోర్డుకు పోటీ చేయాలని మా కోరిక.