కృతజ్ఞత అంటే కదలకుండా కూర్చోవడమా?

ఈ మధ్య "తృప్తి" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. మాటలో తప్పేం లేదు, మంచి మాటే. కానీ ఎవరికి, ఏ సమయంలో చెప్తున్నారో గమనించారా? యాభై దాటిన మగాయన ఉద్యోగం మానేసి వ్యాపారం పెడతానంటే "ఈ వయసులో ఎంత ధైర్యమో" అంటారు. నలభై తొమ్మిదేళ్ళ నేను దూరవిద్యలో ఎం.ఏ.కి కడతానంటే మా ఆడపడుచు ఏమందో తెలుసా? "దేవుడు నీకేం తక్కువ చేశాడు వదినా? పిల్లలు సెటిలయ్యారు, సొంత ఫ్లాటు ఉంది, అన్నయ్య బంగారం. ఉన్నదానికి సంతోషపడాలి గానీ..." ఆ "గానీ" తర్వాత ఏమీ అనలేదు. అక్కర్లేదు కూడా.

నాకు కృతజ్ఞత లేదని ఎవరన్నారు? మావారు మంచివారే (ఇలా రాయకపోతే రేపు పొద్దున్నే ఫోన్లొస్తాయి). పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు. నెల తిరిగేసరికి అద్దె కట్టే బాధ లేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఇవన్నీ తల్చుకుంటాను. అయితే దణ్ణం పెట్టుకున్నాక లేచి నడవకూడదా? దేవుడు అన్నీ ఇచ్చాడు సరే, ఇచ్చి "ఇక అక్కడే కూర్చో" అని చెప్పినట్టు నాకైతే గుర్తులేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పెట్టారు. చదువుకునే వయసులో చదువుకోలేనివాళ్ళ కోసమేగా అది!

ఇంకో వాదన ఉంది. "మీ అమ్మ రుబ్బురోట్లో రుబ్బింది, నీకు గ్రైండరుంది, వాషింగ్ మిషనుంది, ఫోనుంది. నీకేం పని?" గ్రైండరు కనిపెట్టినవాళ్ళు నూరేళ్ళు చల్లగా ఉండాలి, నిజంగానే. కానీ రోలు మిగిల్చిన గంట ఎటు పోయిందో ఎవరైనా వెతికారా? నేను వెతికాను. అది ఫోన్లో ఉంది.

మా నాన్న రోజుల్లో కరెంటు బిల్లు లైన్లో నిలబడింది ఆయనే. బ్యాంకుకి వెళ్ళడం, రైలు టికెట్ కోసం స్టేషనుకి పోవడం, ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, అన్నీ బయటి పనులు కాబట్టి మగవాళ్ళ పనులు. ఇప్పుడు ఆ లైన్లన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. ఫోను ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న పని ఎవరిది? చూశారా, ఎవరూ ఎవరికీ అప్పగించలేదు, ఎక్కడా చర్చ జరగలేదు. బయటి పని గడప దాటి లోపలికొచ్చేసరికి దాని పేరు మారిపోయింది, చేసే మనిషి మారిపోయింది. అత్తయ్యగారి పెన్షనుకి ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పంపాలి. ఆవిడని వెలుతురున్నచోట కూర్చోబెట్టి, ముఖం ముందు ఫోను పట్టుకుని "రెప్పలార్పండి అత్తయ్యా, ఇంకోసారి" అని బతిమాలేది నేను. గ్యాసు బుకింగు నేను, డాక్టరు అపాయింట్‌మెంటు నేను. అబ్బాయి డాలస్ నుంచి ఏదో కట్టబోతే ఇక్కడ నా ఫోనుకి ఓటీపీ వస్తుంది. "అమ్మా, తొందరగా చెప్పు!" చేతికి పిండి ఉంటే మోచేత్తో ఫోను తిప్పి చదవాలి.

నా ఒక్కదాని గోల అనుకునేరు. కేంద్ర ప్రభుత్వమే జనం రోజు ఎలా గడుస్తుందో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు. చేసే మగవాళ్ళు 97. మళ్ళీ 2024లో చేస్తే మనది 289, వాళ్ళది 88. ఐదేళ్ళలో ఇన్ని యాప్‌లొచ్చి మనకి మిగిల్చింది పది నిమిషాలు! కొత్తిమీర కట్ట ఇంటికి చేరడానికి పట్టే సమయం. వాళ్ళకీ తొమ్మిది నిమిషాలు మిగిలాయి లెండి.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసు తేల్చింది. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ, మన కృష్ణా జిల్లా ఆయనే, గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని విడిగా రాస్తూ ఆ 2019 లెక్కని చూపించారు. చదివి సంతోషమేసింది. కానీ ఒక్కటి ఆలోచించండి, ఆ ఇల్లాలి పనికి లెక్క కట్టింది ఆవిడ పోయాక.

పోనీ ఏదో ఒకటి చేసుకో అనే ఉదారులు కూడా ఉన్నారు. "పచ్చళ్ళు బాగా పెడతావుగా, యూట్యూబ్ చానెల్ పెట్టు." అంటే నా కోరిక కూడా వంటింటి గోడ దాటకూడదన్నమాట! చదువంటే మాత్రం మా అబ్బాయే నవ్వాడు. "చాట్‌జీపీటీ ఉందిగా అమ్మా, ఇప్పుడు చదివి ఏం చేస్తావ్?" కారుంది కదా అని మీ నాన్న వాకింగ్ మానేశారా నాన్నా, అన్నాను. వెంటనే జవాబు రాలేదు.

ఇక తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇల్లంతా చక్కబెట్టి, ఆ తర్వాత కలలు సాధించుకోమని చెప్పే వీడియోలున్నాయి చూడండి, వాటి మీద నాకు ఆడపడుచు మీదకన్నా ఎక్కువ కోపం. నా 289 నిమిషాల్లో ఒక్కటి తగ్గించరు, నా నిద్ర తగ్గిస్తారు. నేను ఎవరికీ స్ఫూర్తి కానక్కర్లేదు. డబ్బు సంపాదించకపోయినా ఫర్వాలేదు. ఇరవయ్యేళ్ళప్పుడు పెళ్ళి కుదిరిందని మధ్యలో మూసిన పుస్తకం తెరవాలి, అంతే.

అందుకే ఇంట్లో చెప్పేశాను. ఫీజు కట్టాను. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నా ఫోను అల్మారాలో ఉంటుంది. ఈ నవంబరులో అత్తయ్యగారి ముఖం ముందు ఫోను పట్టుకునేది ఆవిడ కొడుకు. అత్తయ్యగారు ఏమన్నారో చెప్తే నమ్మరు. "వాడికి చేయి వణక్కుండా పట్టుకోవడం నేర్పు ముందు" అన్నారు. ఏడున్నరకి ఓటీపీ వస్తే ఎలా అని అబ్బాయి కంగారుపడ్డాడు. నాన్న నంబరు ఇచ్చుకోమన్నాను.

అవునూ, మీ ఇంట్లో ఓటీపీలు ఎవరి ఫోనుకి వస్తాయి?