తాళంచెవి ఇచ్చే ముందు

కోనసీమ కాలువగట్ల రోడ్లు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క వరిచేను. రాత్రి ఎదురు బండికి దారి ఇవ్వాలంటే తెలివిగా ఉన్నవానికే గుండె దడదడలాడుతుంది.

మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నవాడు బండి నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మరల చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సెప్టెంబరుకు ముందు తొలి జరిమానా 2,000 మాత్రమే. అమెరికా రాష్ట్రాలలోనైతే, దోషి ఊపిరిని పరీక్షించిన తరువాతే ఇంజను కదలనిచ్చే యంత్రాన్ని కారులో అమర్చే చట్టాలున్నాయి. మన చట్టంలో ఆ నిబంధన లేదు.

"మేము త్రాగము, ఈ గొడవ మాకెందుకు?" అనే సోదరులున్నారు. 188వ సెక్షన్ చదవాలి: ఈ నేరానికి తోడ్పడినవారికీ అదే శిక్ష. మద్యాన్ని త్రాగేవానితోపాటు మోసేవానినీ, అమ్మేవానినీ శపించిన హదీసు తెలిసిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. మత్తులో ఉన్నాడని తెలిసీ స్నేహితునికి తాళంచెవి ఇస్తే అది తోడ్పాటు కాదని ఎలా అనగలం?

వలీమా విందుకు ఎన్ని డేగ్‌లు వండించాలో పది రోజులు చర్చిస్తాము. అర్ధరాత్రి స్త్రీలను, పిల్లలను రాజమండ్రి చేర్చవలసిన అద్దె వ్యాను డ్రైవరు ఆ సాయంత్రమంతా ఎక్కడున్నాడో మాత్రం అడగము. వారు బండి ఎక్కకముందే ఇంటి పెద్ద ఒకరు అతనితో నాలుగు మాటలు మాట్లాడాలి. అనుమానం కలిగితే, పెళ్ళివారు ఏమనుకున్నా సరే, ఆ రాత్రికి ప్రయాణం ఆపించాలి.